అంగడి వీడిన పత్తి విత్తనం

ఒక వస్తువుపై వివాదం చెలరేగినప్పుడు దానిని అంగళ్ల నుంచి తొలగించడం లోకంలో ఉన్నదే. కానీ అప్పటికే అమ్ముడుపోయిన దాని మాటేమిటి? 2005లో వరంగల్ జిల్లా పత్తి రైతులకు ఈ ప్రశ్నే ఎదురైంది. నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న పెద్దవంగర నాడు ఆ జిల్లాలోనిదే.

నేలలోని ఒక సూక్ష్మజీవి నుండి గ్రహించిన జన్యువు వల్ల బీటీ పత్తి మొక్క కాయతొలుచు పురుగును చంపే మాంసకృత్తును తానే తయారుచేసుకొంటుంది. రసం పీల్చే పురుగులపై అది పనిచేయదు. బెట్టను తట్టుకొనే శక్తినీ ఇవ్వదు. మహికో సంస్థ రూపొందించిన మెక్-12, మెక్-162, మెక్-184 సంకర రకాలకు కేంద్ర ప్రభుత్వం 2002లో అనుమతినిచ్చింది. 450 గ్రాముల పొట్లం ధర సుమారు రూ. 1,600, సాధారణ సంకర విత్తనం కన్నా ఎంతో ఎక్కువ. వర్షాధారపు చెలకల్లో పంట దెబ్బతిన్న రైతులు ఆందోళనకు దిగారు.

2005 మే నెలలో కేంద్ర ఆమోద సంఘం ఆంధ్రప్రదేశ్‌లో ఆ మూడింటికీ అనుమతిని పొడిగించలేదు. విచిత్రమేమంటే, అదే జన్యువు గల ఇతర సంస్థల సంకరాలు అంగళ్లలో నిలిచాయి! తొలగినవి మూడు సంకరాలే గాని జన్యువు కాదు.

నష్టపరిహారం చెల్లించాలన్న ప్రభుత్వ కోరికను సంస్థ అంగీకరించలేదు. 2006లో రాష్ట్ర ప్రభుత్వం పొట్లం ధర రూ. 750కి మించరాదని నిర్ణయించింది. అంతకుముందే అధిక ధరకు కొని విత్తినవారికి ఆ తగ్గింపు వర్తించలేదు.