ఇల్లాలి కళ్ళతో గోవా చూద్దామా?

గోవా అనగానే మనకు గుర్తొచ్చేవి ఏమిటి? ఇసుక తిన్నెలు, కొబ్బరిచెట్లు, విదేశీయులు, మద్యం సీసాలు... అంతే కదూ? "ఆడపిల్లలను తీసుకెళ్ళే చోటేనా అది?" అంటూ పాతబస్తీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పెదవి విరవడమూ మామూలే. బీచిలో నిలబడి చూస్తే అలాగే అనిపిస్తుంది మరి! కాస్త సముద్రాన్ని వదిలి ఊళ్ళోకి నడిచి చూడండి. అక్కడి వంటిల్లు, అరుగు, పెళ్ళి రిజిస్టరు మనకు ఇంకో గోవాను చూపిస్తాయి.

చార్మినార్ కన్నా ముందే

బీజాపూర్ ఆదిల్‌షాహీల చేతుల్లోంచి 1510లో అల్బుకర్క్ గోవాను గెలుచుకునేనాటికి మన చార్మినార్ ఇంకా పుట్టనే లేదు. అది 1591 నాటి మాట. 1961 డిసెంబరు 19న గోవా విముక్తి పొందేదాకా, అంటే 451 ఏళ్ళు, అక్కడ పోర్చుగీసువాళ్ళదే రాజ్యం. మధ్యలో మన హైదరాబాదు కన్ను కూడా గోవా మీద పడింది. సముద్రతీరం లేని తన రాజ్యానికి ఓ రేవు ఉండాలని ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1947-48 ప్రాంతంలో పోర్చుగల్‌తో బేరసారాలు నడిపారు. అవి ఫలించలేదు.

ఆ పాలన అంతా ముచ్చటేమీ కాదు. 1560లో మొదలై 1812లో రద్దయిన మతవిచారణ ఎందరినో పీడించింది. గుళ్ళు కూలుస్తుంటే జనం దేవుళ్ళను మోసుకుని నది దాటి పోండా వైపు వెళ్ళిపోయారు. ఈనాడు మనం దర్శించుకునే మంగేశీ, శాంతాదుర్గ ఆలయాల వెనుక ఉన్న కథ అదే.

మన పోపులడబ్బాలో పోర్చుగీసు

మిరపకాయ లేని ఆవకాయను ఊహించుకోండి! బిర్యానీ పక్కన మిర్చీ కా సాలన్ లేని పెళ్ళి విందును ఊహించుకోండి! అమెరికా ఖండాల పంట అయిన మిరపను పదహారో శతాబ్దంలో మన దేశానికి తెచ్చింది పోర్చుగీసువాళ్ళే. అప్పటిదాకా మనకు కారం అంటే మిరియాలే. బొప్పాయి, అనాస, జీడిమామిడి కూడా సముద్రం దాటి వచ్చినవే. చివరికి మనం రోజూ వాడే అలమారా, బొత్తాం, తువాలు, బాల్చీ, ఇస్త్రీ, మేస్త్రీ అనే మాటలు కూడా వాళ్ళ భాష నుంచి వచ్చినవే సుమా!

గోవా వంటల్లో పేరుమోసిన విందాలూలో ఆలూ ఉండదు. వైను, వెల్లుల్లితో మాంసం నానబెట్టే పోర్చుగీసు వంటకం పేరే అలా మారింది. అక్కడ వైనుకు బదులు కల్లు నుంచి తీసిన వెనిగర్ పోస్తారు. పావ్ రొట్టెల పిండిని కూడా ఒకప్పుడు కల్లుతోనే పులియబెట్టేవారు. రొట్టెలమ్మే 'పొదేర్' సైకిలు మీద హారన్ కొట్టుకుంటూ వీధుల్లో తిరుగుతాడు.

ఇక బెబింకా అనే తీపి మాట. కొబ్బరిపాలు, గుడ్డులోని పచ్చసొన, పంచదార, నెయ్యి, మైదా కలిపి, ఒక పొర కాలాక దాని మీద ఇంకో పొర పోస్తూ కనీసం ఏడు పొరలు వేస్తారు. పాతకాలపు పద్ధతిలో అయితే నిప్పులు పైన పెట్టి కాలుస్తారు. మూత మీద బొగ్గులు పెట్టి బిర్యానీని దమ్ చేసే మన పాతబస్తీ వాళ్ళకు ఆ ఒడుపు వేరే చెప్పాలా?

వీధిని చూసే అరుగు

మన దేవిడీలకు ఎత్తయిన గోడలు, లోపల పెరడు, ఇంకా లోపల జనానా. గోవా ఇల్లు దీనికి సరిగ్గా తలకిందులు. గుమ్మం ముందే 'బల్కావ్' అనే అరుగు, రెండు వైపులా కూర్చునేందుకు దిమ్మెలు. సాయంత్రమైతే ఇంటివాళ్ళంతా అక్కడే కూర్చుని దారిన పోయేవాళ్ళతో కబుర్లాడతారు. పాత ఇళ్ళ కిటికీలకు అద్దాల బదులు పలచని ఆల్చిప్ప పెంకులు ఉంటాయి. ఎండ వాటిలోంచి పాలలా దిగుతుంది. పణజిలోని ఫోంటెన్యాస్ పేటలో పసుపు, నీలం, ఎరుపు రంగుల ఇళ్ళు చూడముచ్చటగా ఉంటాయి.

పెళ్ళితోనే సగం

మనం అసలు తెలుసుకోవలసిన సంగతి ఇది. 1867 నాటి పోర్చుగీసు సివిల్ కోడ్ 1870లో గోవాకు వచ్చింది. దాని మూలసూత్రాలు నేటికీ అక్కడ చెల్లుతున్నాయి. ఏ మతం వారైనా పెళ్ళిని రిజిస్టరు చేయించాల్సిందే. ముందుగా వేరే ఒప్పందం రాసుకోకపోతే భార్యాభర్తల ఆస్తి ఉమ్మడి అవుతుంది, అందులో సగం ఆమెది. తల్లిదండ్రులు ఆస్తిలో సగం పిల్లలకు విడిచి తీరాలి, అదీ కొడుకులకూ కూతుళ్ళకూ సమానంగా.

లోపాలు లేవని కాదు. ఉమ్మడి ఆస్తి నిర్వహణ భర్త చేతికే ఇచ్చారు. అయినా మన సంగతి చూడండి. హిందూ కుటుంబాల్లో కూతురికి ఉమ్మడి ఆస్తిలో వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి చట్టంతో వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. భర్త సంపాదనలో పెళ్ళితోనే సగం అన్న మాట ఇక్కడ ఏ మతం వారికీ లేదు. నికానామాలో మెహర్ రాయించుకునే మన చెల్లెళ్ళకు కాగితం మీది అక్షరం విలువ తెలుసు. గోవాలో ఆ అక్షరం ఇంకాస్త దూరం వెళ్ళింది, అంతే.

వెళ్ళాలనుకుంటే...

* సికింద్రాబాదు నుంచి వాస్కోడగామాకు 2024 అక్టోబరులో నేరుగా రైలు మొదలైంది. కాజిల్ రాక్ దాటాక కనిపించే దూధ్‌సాగర్ జలపాతం కోసం కిటికీ పక్క సీటు వదలకండి.
* విందాలూ సాధారణంగా పందిమాంసంతో చేస్తారు. అడిగి తెలుసుకున్నాకే తినండి. కోడిమాంసంతో చేసే కాఫ్రియాల్, షాకుతి దొరుకుతాయి. శాకాహారులకు సారస్వతుల శాకాహార వంటలు, కోకం పులుపుతో చేసే సోల్‌కడీ ఉన్నాయి.
* పాత గోవాలో బొం జీసస్ బసిలికా, చాందోర్‌లో బ్రగాంజా వారి పాత భవనం తప్పక చూడండి.

తిరిగొచ్చేటప్పుడు జీడిపప్పు, బెబింకా అందరూ తెచ్చుకుంటారు. మీరు ఇంకొకటి కూడా తెచ్చుకోండి. పెళ్ళీడుకొచ్చిన అమ్మాయి ఇంట్లో ఉంటే, నగల లెక్కతో పాటు ఆస్తి కాగితాల మాట కూడా ఎత్తండి!