త్రీ నాట్ త్రీకి గురి ఎక్కడ తప్పుతుంది?

విజయపురి సౌత్‌లో ఇంటి తలుపు ఏడాదంతా ఒకేలా ఉండదు. మే నెలలో రెంటచింతల వైపు నుంచి వడగాలి కొడుతుంటే చెక్క ఎండి, ద్వారబంధం పక్కన వేలు దూరేంత సందు పడుతుంది. వానలు పడి సాగర్ గేట్లు ఎత్తే రోజులకు అదే తలుపు ఉబ్బి, భుజం పెట్టి నెడితే గానీ మూసుకోదు. పాత త్రీ నాట్ త్రీ గురి ఎందుకు తప్పుతుందో తెలియాలంటే ఈ తలుపును గుర్తుపెట్టుకోవాలి. ఆ రైఫిల్ గొట్టాన్ని మూతి దాకా చెక్కే కప్పి ఉంటుంది.

త్రీ నాట్ త్రీ అసలు పేరు లీ ఎన్‌ఫీల్డ్. పొట్టి గొట్టం రకం 1904లో బ్రిటిష్ సైన్యంలోకి వచ్చింది. 1907లో దాని మార్క్ త్రీ వచ్చింది. బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం ఈ రకాన్ని దశాబ్దాల పాటు తయారుచేసింది. 1962 చైనా యుద్ధం తర్వాత మన సైన్యం 7.62 రైఫిళ్లకు మారింది. పాతవి పోలీసుల చేతికి వచ్చాయి. కొన్ని దేశాల్లో సైన్యం వద్దనుకున్న రైఫిల్‌ను లైసెన్సున్న మనిషి కొనుక్కోవచ్చు. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం కింద ఇది నిషిద్ధ బోరు (సామాన్యులకు లైసెన్సు ఇవ్వని కొలత). అందుకే దీని జబ్బు కనిపెట్టే పని ఆర్మరర్‌ది (ఆయుధాల మరమ్మతు చూసే పోలీసు). ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ డే నాడు దీనికి వీడ్కోలు పలికారు. ఇక కొత్త విడిభాగాలు వచ్చే రోజులు కావు. ఉన్న తుపాకీని అర్థం చేసుకుని సరిచేయాలి.

రైఫిల్ విప్పే ముందు టార్గెట్ కాగితాన్ని చదవాలి. ఇసుక బస్తా మీద ఆనించి, 100 గజాల నుంచి తొందరపడకుండా ఐదు రౌండ్లు కాల్చాలి. ఐదు చిల్లులూ మూడు నాలుగు అంగుళాల్లో గుంపుగా పడి, ఆ గుంపు మాత్రం పక్కకు పోయిందా? తుపాకీలో జబ్బు లేదు, సైటు (గురి చూసే భాగం) సరిచేస్తే చాలు. ఇక్కడ కొత్తవాళ్లు తరచూ పొరబడతారు. తూటాలు ఎడమకు పోతుంటే ముందు సైటును ఎడమకే జరపాలి. పైకి పోతుంటే ఇంకా ఎత్తైన సైటు వేయాలి. సైటు ఎత్తు పెరిగితే, దాన్ని వెనక సైటుతో కలపడానికి కాల్చేవాడు మూతిని కిందికి దించక తప్పదు.

చిల్లులు చెల్లాచెదురుగా పడితే అప్పుడు లోపల వెతకాలి. మొదటి రెండు బాగా పడి, గొట్టం వేడెక్కేకొద్దీ మిగతావి ఒకే వైపు జరుగుతుంటే చెక్కను అనుమానించాలి. చిల్లు గుండ్రంగా కాక పొడవుగా ఉంటే బుల్లెట్ గాలిలో పల్టీ కొట్టిందని అర్థం. అది గొట్టం అరుగుదలకు గుర్తు.

గొట్టం లోపల ఐదు మెలి గాడులు (బుల్లెట్‌ను తిప్పే గీతలు) ఉంటాయి. ప్రతి 10 అంగుళాలకు ఒక చుట్టు, ఎడమ వైపుకు. ఆ తిరుగుడే బుల్లెట్‌ను ముక్కుసూటిగా నడిపిస్తుంది. పాతకాలపు రౌండ్ల అడుగున నిప్పు రాజేసే మందు కాలాక గొట్టంలో ఒక రకం ఉప్పు మిగిలేది. ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది, తుప్పు పడుతుంది. నూనె ఉప్పును కరిగించదు. అందుకే బ్రిటిష్ సిపాయిలు ముందు గరాటుతో మరిగే నీళ్లు పోసి, ఆ తర్వాతే నూనె పూసేవారు. ఆ పని మానేసిన తుపాకుల్లో తుప్పు గుంటలు ఈనాటికీ కనిపిస్తాయి.

చిత్రమేమిటంటే, శ్రద్ధగా తుడిచిన తుపాకీకీ వేరే హాని జరుగుతుంది. బట్ (భుజానికి ఆనే చెక్క) వెనక ఇత్తడి మూత తెరిస్తే చిన్న నూనె బుడ్డి, పుల్‌త్రూ తాడు ఉంటాయి. తాడుకు గుడ్డ కట్టి గొట్టంలోంచి లాగుతారు. ఏటవాలుగా లాగితే బావిగట్టు రాయి మీద చేంతాడు ఒరిసినట్టు మూతి ఒక పక్క అరిగిపోతుంది. బుల్లెట్‌కు చివరిగా తగిలేది మూతే. అక్కడ తేడా వస్తే వెనకున్న గొట్టమంతా బాగున్నా లాభం లేదు. ఖాళీ చేసి, బోల్టు (తూటాను గొట్టంలోకి నెట్టి మూసే భాగం) తీసిన తుపాకీ మూతిలో డ్రిల్ రౌండ్ (మందు లేని డమ్మీ) పెట్టి చూడాలి. బుల్లెట్ కొంత బయట ఆగాలి. ఇత్తడి గుల్ల అంచు దాకా మునిగిపోతే మూతి అరిగినట్టే.

ఇక చెక్క. నా మటుకు నేను ఎక్కువగా అనుమానించేది దీన్నే. కాల్చినప్పుడు గొట్టం, కొట్టిన గంటలా కంపిస్తుంది. ఆ కంపనం ప్రతిసారీ ఒకేలా ఉంటే తూటా ఒకే చోటికి పోతుంది. మూతి దగ్గర, చెక్క లోపల స్ప్రింగు మీద నిలిచే చిన్న పిన్ను గొట్టాన్ని కింది నుంచి మెత్తగా ఎత్తిపడుతుంది. వానాకాలం చెక్క ఉబ్బి గొట్టాన్ని పక్క నుంచి నొక్కితే ఆ అమరిక చెడుతుంది. ఎండాకాలం చెక్క కుంచించుకుపోతే మరలు వదులై, తుపాకీ ప్రతి దెబ్బకూ కొద్దిగా కదులుతుంది. ఆగస్టులో సరిచేసిన సైటు మేలో తప్పడానికి ఇదే కారణం కావచ్చు.

బోల్టు మీది నంబరు, రైఫిల్ మీది నంబరు కలుస్తున్నాయో లేదో కూడా చూడాలి. బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో (ఆయుధాల గది) పది తుపాకులు ఒకేసారి తుడిచినప్పుడు బోల్టులు తారుమారవుతాయి. వేరే బోల్టుతో గురే కాదు, భద్రతా పోతుంది. గేజి పెట్టి కొలవకుండా అలాంటి తుపాకీని కాల్చకూడదు.

ఒకసారికి ఒక్కటే మార్చి, మళ్లీ ఐదు రౌండ్లు కాల్చి చూడాలి. మర బిగించి, సైటు జరిపి, రౌండ్లూ మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. విప్పేటప్పుడు ముందు చెక్కను మొదట తీయాలి, బట్‌లోని పొడవాటి బోల్టును ఆ తర్వాతే తిప్పాలి. ఆ బోల్టు కొస నలుచదరంగా ఉండి, ముందు చెక్క వెనకున్న రేకులో ఇరుక్కుని ఉంటుంది. వరుస తప్పి తిప్పితే, వందేళ్లు నిలిచిన చెక్క ఆ ఒక్క తిప్పుకే చీలిపోతుంది.