గుల్లలో మిగిలిన రోగచిహ్నములు

సాలగ్రామమును పూజాపీఠమున నిలుపుకొనిన గృహములు మనలో పెక్కు. నేపాళమున గండకీనదిలో దొరకు ఆ నల్లని రాళ్లలో అనేకము అమ్మోనైటు అను సముద్రజీవి శిలాజములు. చక్రమని మనము చూచునది దాని గుల్లచుట్టు. చూపునకు నత్తను బోలినను, బంధుత్వము ఆక్టోపసుతోనే. ఆ జీవుల వంశము 40 కోట్ల సంవత్సరములకు పూర్వమే పుట్టి, సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట అంతరించినది.

అట్టి జీవికి వ్యాధి సోకెనని తెలియుట యెట్లు? మాంసము మిగులలేదు, మాంసములో దాగిన పరాన్నభుక్కు అసలే మిగులలేదు. గుల్ల మాత్రము మిగిలినది. ప్రావారమను మెత్తని పొర తన అంచున సున్నపు పదార్థమును చేర్చుచు గుల్లను పెంచును. కావున పొర పడిన బాధ గుల్లకెక్కును.

మొరాకోలోని డెవోనియన్ యుగపు శిలాజములపై చిన్న గుంటలు, కొన్నిటిలో వరుసలు తీరి, కనబడుచున్నవి. లోనికి చొచ్చిన పురుగును ప్రావారము ముత్యపుచిప్పవలె మెఱుగుపూతతో కప్పగా గుల్ల లోపలివైపున బొడిపె లేచినది. పిమ్మట గుల్లలో బురద నిండి రాయి అయినది, గుల్ల కరగినది, బొడిపె ఉన్నచోట గుంట మిగిలినది. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు మైకేల్ హౌస్ 1960లో డెవోనియన్ గుల్లలలోని ఇట్టి వికృతులను వర్ణించిరి. ఈ గుంటలకు నేడు ఆయన పేరే. నేటి ఆల్చిప్పలలో ఇట్టి ముత్యములకు కారణమగుచున్నవి గొఱ్ఱెల కార్జపు జలగకు దాయాదులైన పురుగుల పిల్లలు. అందుచే అనుమానము ఆ తెగ మీదికే పోవుచున్నది.

జురాసిక్ అమ్మోనైటులు కొన్నిటిలో వెలుపలి అంచు నడుమ నుండవలసిన గట్టు ప్రక్కకు ఒరిగియుండును. పీత కొరికిన గాయమైనచో విరిగిన జాడ ఉండును. జాడ లేకయే ఒరుగు సాగినచో పరాన్నభుక్కును శంకింపవచ్చును. శంకింపవచ్చునే గాని, పుట్టుకలోని లోపము కాదని ప్రమాణము చేయజాలమని మా అభిప్రాయము. ఈ జాగ్రత్త అవసరమే: రోగగ్రస్తమైన గుల్లలను క్రొత్త జాతులని భ్రమించి పేర్లు పెట్టినవారును గలరు.

దోషి చేజిక్కిన సందర్భము ఒకటి గలదు. జర్మనీలోని జురాసిక్ శిలలలో, బ్రతికియున్న అమ్మోనైటు వెలుపలి అంచుపై సున్నపు గొట్టము కట్టుకొని కాపురమున్న పురుగులు దొరకినవి. ఇవి లోపల తినునవి కావు, అద్దెకున్నవి మాత్రమే. అయినను తరువాతి చుట్టు ఆ గొట్టము మీదుగా పోవలసివచ్చి, గుల్ల ప్రక్కకు మెలిపడినది. గొట్టము నేటికిని ఆ చుట్ల నడుమనే యున్నది.