వాయిదా దాటిన పంట రుణం.. ఎప్పుడు మొండిబాకీ?

అద్దంకి: మిర్చి ధర పతనమైతే రైతు సరకును శీతల గిడ్డంగిలో ఉంచి ఎదురుచూస్తాడు. ఈలోగా పంట రుణం వాయిదా దాటిపోతుంది. అద్దంకి పరిసరాల్లో రైతులకు తరచూ ఎదురయ్యే చిక్కే ఇది.

రిజర్వు బ్యాంకు నిబంధనల మేరకు సాధారణ రుణం 90 రోజులకు మించి బకాయిపడితే నిరర్థక ఆస్తే. మిర్చి, పత్తి వంటి ఏడాదిలోపు పంటల రుణాలకు మాత్రం రెండు పంటకాలాల వెసులుబాటు ఉంది. పంటకాలం ఎంతన్నది రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీ నిర్ణయిస్తుంది. అదీ దాటితే బకాయిలో కనీసం 15 శాతం మొత్తాన్ని బ్యాంకు తన ఆదాయం నుంచి పక్కన పెట్టవలసిందే. పాత బాకీ ఉన్నవారికి కొత్త రుణమంటే మేనేజర్లు జంకేది ఇందుకే.

అలాగని రెండు పంటకాలాలు ఉన్నాయన్న ధీమా తగదు. రూ.3 లక్షల వరకు రుణంపై 7 శాతం వడ్డీ 4 శాతానికి తగ్గేది సకాలంలో చెల్లించిన వారికే. రుణం మొండిబాకీ కాకపోయినా, వాయిదా తప్పితే ఆ 3 శాతం రాయితీ దక్కదు.

2025 జనవరి 1 నుంచి రూ.2 లక్షల వరకు సాగు రుణాలకు బ్యాంకులు తనఖా కోరరాదు. అంతకుముందు ఈ పరిమితి రూ.1.60 లక్షలే. సొంత భూమి లేని కౌలు రైతుకు ఇది అక్కరకు రావలసిన మాటే. కానీ సాగుదారు హక్కు పత్రానికి 2019 నాటి చట్టం భూయజమాని అంగీకారం ఉండాలన్నది. యజమాని సంతకానికి వెనుకాడితే కౌలు రైతుకు మళ్లీ వడ్డీ వ్యాపారి గడపే గతి.