తీగ లాగితే...

"తీగ లాగితే డొంకంతా కదిలింది" అన్న సామెత మనందరికీ తెలిసిందే. ఆస్పత్రిలో ఈసీజీ తీసేటప్పుడు తీగ లాగితే కదిలేది డొంక కాదు, కాగితం మీది గుండె గీత! గుండె నిక్షేపంలా ఉన్నా గీత మాత్రం గంతులు వేస్తుంది. దోషం రోగిలోనూ ఉండదు, యంత్రంలోనూ ఉండదు. రెండింటినీ కలిపే వైరులో, అందులోనూ వైరు ప్లగ్గును కలిసే చోట ఉన్న ఒక్క అంగుళంలో ఉంటుంది.

నేను చదివింది కామర్సు, చేసేది బ్యాంకు ఉద్యోగం. నాకెందుకీ గొడవ అంటారేమో! పరాయి రాష్ట్రంలో ఉంటున్న మనం నలుగురం కలిసి చందాలు వేసుకుని సొంత ఊరికి ఏదైనా చేద్దామనుకున్నప్పుడు, తరచు తట్టే ఆలోచనల్లో ఆస్పత్రికి యంత్రం కొనివ్వడం ఒకటి. ఆ యంత్రం ఎన్నాళ్ళు పనిచేస్తుందన్నది ఈ అంగుళం మీద ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

గుండె పుట్టించే విద్యుత్తు ఒంటిమీదికి వచ్చేసరికి దాదాపు ఒక మిల్లీవోల్టు. టార్చిలైటు బ్యాటరీలో ఉండేది ఒకటిన్నర వోల్టు, అంటే దానికి 1,500 రెట్లు ఎక్కువ. ఇంత చిన్న సంకేతాన్ని పట్టుకున్న ఘనుడు హాలెండులోని లైడెన్ నగరానికి చెందిన విల్లెం ఐంథోవెన్. ఆయన రోగుల చేతుల్ని, కాలిని ఉప్పునీళ్ళ తొట్లలో పెట్టించి గుండె గీతలు తీశాడు. 1905లో ఆస్పత్రిలో ఉన్న రోగి గుండె సంకేతాన్ని టెలిఫోను తీగ ద్వారా కిలోమీటరున్నర దూరంలోని తన ప్రయోగశాలకు రప్పించుకున్నాడు. 1924లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

మన బెంగళూరుకూ ఈ కథలో భాగం ఉంది. వైట్‌ఫీల్డులో 2000లో ప్రారంభమైన జాన్ ఎఫ్. వెల్చ్ టెక్నాలజీ సెంటర్‌లో జీఈ సంస్థ ఇంజనీర్లు 'మ్యాక్ 400' అనే చిన్న ఈసీజీ యంత్రాన్ని రూపొందించారు. చేత్తో పట్టుకుపోవచ్చు, బ్యాటరీ మీద నడుస్తుంది. పల్లెటూళ్ళకు అందుబాటు ధరలో ఉండాలని, బస్సు టిక్కెట్లు కొట్టే యంత్రాల్లో వాడే తరహా ప్రింటరును అందులో అమర్చారు. యంత్రం ఇలా ఎంత చిక్కిపోయినా, రోగి ఒంటికి తగిలించే తీగలు మాత్రం తప్పలేదు. పూర్తి ఈసీజీకి చేతులకూ కాళ్ళకూ నాలుగు, ఛాతీకి ఆరు, వెరసి పది.

ఈ తీగలు ఎక్కడ తెగుతాయి? చేంతాడు గిలక దగ్గర అరుగుతుంది. ఇస్త్రీపెట్టె వైరు మెడ దగ్గర విరుగుతుంది. ఇదీ అంతే. మెత్తగా వంగే వైరు గట్టి ప్లగ్గులోకి దూరే చోట వంపంతా ఒకే బిందువు మీద పడుతుంది. లోపలి సన్నని రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. పైతొడుగు మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. అదే చిక్కు!

రెండో శత్రువు చెమ్మ. ఆనాడు ఐంథోవెన్‌కు సాయపడిన ఉప్పునీరే ఈనాడు చెమట రూపంలో పగ పడుతుంది. తొడుగు చిన్నగా చిట్లినా తేమ లోపలికి పాకి, రాగికి చిలుము పట్టిస్తుంది. రెండు పిన్నుల నడుమ తడి చేరితే, వెళ్ళవలసిన సంకేతం పక్కదారి పడుతుంది. తుడవడానికి వాడే స్పిరిటూ బ్లీచింగు ద్రావణమూ కొన్ని రకాల ప్లాస్టిక్కును క్రమంగా పెళుసుబారుస్తాయి.

తయారుచేసేవాళ్ళు దీనికి ఉపాయాలు చేయకపోలేదు. వైరు మెడకు వంగే రబ్బరు తొడుగును ప్లగ్గుతో కలిపి ఒకే ముద్దగా పోతపోస్తారు. అప్పుడు వంపు కొంత దూరం వరకూ పరుచుకుంటుంది. కొన్ని వైర్లలో నూలు పోగు చుట్టూ సన్నని రాగి రేకు చుడతారు. పాత టెలిఫోను రిసీవరు తీగలోనూ ఇదే కిటుకు. అతుకుల్ని ఎపాక్సీ జిగురులో ముంచెత్తి తేమకు దారి మూసేస్తారు, పిన్నులకు చిలుము పట్టకుండా బంగారు పూత పూస్తారు. వస్తువు మీద 'ఐపీఎక్స్7' అని ఉంటే, మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా పాడవనంతగా పరీక్షించారని అర్థం. అయితే ఆ గుర్తు యంత్రానికా, ప్లగ్గుకూ వైరుకూ కూడానా అన్నది కొనేటప్పుడు అడిగి తెలుసుకోవాలి.

ఈ రోజుల్లో మంచం పక్కనే మానిటరు పెట్టి పెద్దవాళ్ళను చూసుకునే కుటుంబాలు మన నగరంలోనూ ఉన్నాయి. వేలికి తగిలించే ఆక్సిజన్ సెన్సారు తీగ పాడైతే అలారం ఊరికే మోగుతుంది. పదిసార్లు అబద్ధంగా మోగిన అలారాన్ని పదకొండోసారి ఎవరు పట్టించుకుంటారు? 'నాన్నా పులి' కథే! నిజంగా ప్రాణం మీదికి వచ్చిన వేళ ఇంట్లోవాళ్ళు కదలకపోతే? అసలు ప్రమాదం అక్కడుంది.

చేయవలసినవి చిన్న పనులే. ఊడదీసేటప్పుడు వైరును కాదు, ప్లగ్గును పట్టుకోండి. వైరును యంత్రానికి బిగించి చుట్టకుండా, అరచేతి వెడల్పు చుట్టలుగా వదులుగా చుట్టండి. మంచం కమ్మీల మధ్య నలగనివ్వకండి. నీళ్ళలో ముంచకండి. కంపెనీ చెప్పిన ద్రావణంతో, పిండిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే తగిలించండి. మెడ దగ్గర పగులు గానీ, పిన్ను మీద పచ్చదనం గానీ కనిపిస్తే టేపు చుట్టి సరిపెట్టకండి. టేపు పగులును దాస్తుందే గాని చెమ్మను ఆపదు. తీగ మార్చవలసిందే.

ఇక మా లెక్కల భాషలో చెప్పాలంటే, యంత్రం మూలధన ఖర్చు, వైరు నిర్వహణ ఖర్చు. దాతలు మొదటిదానికి ముందుకొస్తారు. దానికి రిబ్బనుంది, ఫోటో ఉంది. రెండోదానికి పద్దే ఉండదు. ఫలితంగా లక్షణంగా ఉన్న యంత్రం ఒక్క తీగ లేక బీరువాలో మూలుగుతుంది. తరుగుదల మాత్రం ఏటేటా రాసుకుంటూనే ఉంటాం!

అంచేత నాదొక మనవి. ఈసారి మన వాళ్ళు ఊరి ఆస్పత్రికి యంత్రం కొనివ్వాలనుకుంటే, కొటేషనులోనే రెండు జతల అసలు తీగలు అదనంగా రాయించండి. మరో మూడేళ్ళకు సరిపడా తీగలకు కొంత సొమ్ము ఫిక్సెడ్ డిపాజిట్టులో వేయించండి. ఈ మాట నేను బ్యాంకువాణ్ణి గనక చెప్పడం లేదు సుమా! అర్ధరాత్రి గుండె నొప్పితో వచ్చిన మన ఊరి మనిషికి కావలసింది శిలాఫలకం మీద మన పేరు కాదు, తెగని తీగ.