పిట్ట దూరం... లెన్సు భారం!

పక్షుల ఫొటోలు తీయాలని సరదా పుడుతుంది. దుకాణానికి వెళితే ‘ఇది 2.8, అది 6.3’ అంటూ అంకెలు వల్లెవేస్తారు. ఒకటి రెండు లక్షలంటారు, ఇంకోటి ఏకంగా కారు ధర పలుకుతుంది. ఏది కొనాలి? అంత పెట్టి కొన్నాక పిట్ట ఫొటోలో నిండుగా కనిపిస్తుందా? పక్షుల కోసం లెన్సు ఎంచుకోవడం వెనక పెద్ద లెక్కే ఉంది మరి!

డిసెంబరులో ఓ ఆదివారం. తెల్లవారకముందే బయల్దేరి ఓ కుటుంబం సూళ్లూరుపేట దగ్గర్లోని నేలపట్టుకు చేరుకుందనుకుందాం. చెరువులో నీళ్లలోంచి లేచిన చెట్ల నిండా గూడబాతులే. నాన్న ఫోన్ తీసి టకటకా ఫొటోలు తీశాడు. ఇంటికొచ్చి చూస్తే ఏముంది... చెట్ల మీద తెల్ల చుక్కలు! ‘ఇవేంటి నాన్నా, పత్తికాయలా?’ అంది కూతురు. రోషమొచ్చిన నాన్న నెల తిరక్కుండా కెమెరా కొన్నాడు. ‘ప్రొఫెషనల్స్ వాడేది ఇదేనండీ’ అని షాపాయన చెప్పడంతో దానికి 70-200 ఎంఎం, ఎఫ్/2.8 జూమ్ లెన్సూ తీసుకున్నాడు. ఈసారి పులికాట్‌కు ప్రయాణం. సరస్సు నడిమధ్య ఫ్లెమింగోలు. క్లిక్... క్లిక్... ఇంటికొచ్చి చూస్తే మళ్లీ చుక్కలే. కాకపోతే ఇవి గులాబీ చుక్కలు!

తప్పు లెన్సుది కాదు. అది నిజంగానే మంచి లెన్సు. తప్పంతా లెక్కలో ఉంది.

రెండంకెల కథ

టెలిఫొటో జూమ్ లెన్సు మీద ముఖ్యంగా రెండు అంకెలుంటాయి. ఎంఎంలలో ఉండేది ఫోకల్ లెంగ్త్. దూరంగా ఉన్నదాన్ని ఎంత దగ్గరగా చూపగలదో ఇది చెబుతుంది. ఎఫ్ పక్కన ఉండేది అపెర్చర్. లెన్సు కన్ను ఎంత పెద్దగా తెరుచుకుంటుందో, ఎంత వెలుతురు లోపలికి రానిస్తుందో ఇది చెబుతుంది. ఈ అంకె ఎంత చిన్నదైతే కన్ను అంత పెద్దదన్నమాట.

ముందు మొదటి అంకె సంగతి చూద్దాం. నిలబడిన ఫ్లెమింగో ఎత్తు సుమారు నాలుగడుగులు. అది వంద మీటర్ల దూరంలో ఉంటే 200 ఎంఎం లెన్సు దాన్ని కెమెరా సెన్సర్ మీద రెండున్నర మిల్లీమీటర్ల బొమ్మగా మాత్రమే చూపగలదు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ ఎత్తేమో 24 మిల్లీమీటర్లు. అంటే ఫొటోలో పక్షి పదో వంతు, మిగతాదంతా నీళ్లూ ఆకాశమూ! అదే 600 ఎంఎం అయితే బొమ్మ ఏడున్నర మిల్లీమీటర్లు, దాదాపు మూడో వంతు. లకుముకి పిట్ట ఇంకా చిన్నది, అరచేతిలో ఇమిడేంత. పది మీటర్ల దగ్గరకొచ్చి వాలినా 200 ఎంఎంలో అది ఫొటో ఎత్తులో ఏడో వంతే. అందుకే పక్షుల విషయంలో అనుభవజ్ఞులు ‘ముందు దూరం, తర్వాతే వెలుతురు’ అంటారు.

కెమెరా సెన్సర్ చిన్నదైతే ఇక్కడ కాస్త కలిసొస్తుంది. ఏపీఎస్-సీ రకం కెమెరాకు 400 ఎంఎం లెన్సు తగిలిస్తే, ఫుల్‌ఫ్రేమ్‌లో 600 ఎంఎంతో వచ్చేంత ఫ్రేమ్ వస్తుంది. కెనాన్‌లో అయితే ఇంకొంచెం ఎక్కువే. బడ్జెట్ తక్కువున్న వాళ్లకు ఇది వరమే.

‘ఫాస్ట్’ అంటే...

ఎఫ్/2.8 లాంటి లెన్సుల్ని ‘ఫాస్ట్’ అంటారు. లెన్సు పరుగెత్తుతుందని కాదు. వెలుతురు ఎక్కువ రానిస్తుంది కాబట్టి షట్టర్‌ని వేగంగా నడపొచ్చని. ఎఫ్/5.6తో పోలిస్తే ఎఫ్/2.8లో నాలుగు రెట్లు, ఎఫ్/6.3తో పోలిస్తే అయిదు రెట్లు ఎక్కువ వెలుతురు వస్తుంది.

దీని ఫలితం తెల్లవారుజామున అడవిలో తెలుస్తుంది. ఎఫ్/2.8 దగ్గర సెకనులో వెయ్యో వంతులో ఫొటో వస్తోందనుకోండి. అదే వెలుతురులో ఎఫ్/6.3 లెన్సుకు సెకనులో రెండొందలో వంతు కావాలి. కొమ్మ మీద కునుకు తీస్తున్న గుడ్లగూబకు అది చాలు. తల అటూ ఇటూ తిప్పే వడ్రంగి పిట్టకు చాలదు. ఎగిరే పక్షి రెక్కలు స్పష్టంగా రావాలంటే సెకనులో రెండు వేలో వంతు దాకా కావాలి. పైగా కన్ను పెద్దదైతే పక్షి వెనక ఉన్న ఆకులూ కొమ్మలూ మెత్తగా కరిగిపోయి పక్షి ఒక్కటే కళ్లకు కడుతుంది.

మరి 600 ఎంఎం దాకా వెళ్లే ఎఫ్/2.8 జూమ్ ఒకటి చేసేస్తే పోలా? అక్కడే ఉంది చిక్కు. 200 ఎంఎం దగ్గర ఎఫ్/2.8 కావాలంటే ముందు గాజు ఏడు సెంటీమీటర్ల వెడల్పు ఉంటే సరిపోతుంది. అదే 600 ఎంఎంకైతే 21 సెంటీమీటర్లు కావాలి... అంటే టిఫిన్ ప్లేటంత! దాన్ని మోయడానికి ఇంకో మనిషి కావాలి. అందుకే కంపెనీలు రాజీ పడ్డాయి. దూరం కావాలంటే వెలుతురు వదులుకోవాలి, వెలుతురు కావాలంటే దూరం వదులుకోవాలి. రెండూ కావాలంటే... జేబూ భుజమూ రెండూ గట్టివై ఉండాలి!

బరువు చూశారా!

2023లో కెనాన్ 100-300 ఎంఎం, ఎఫ్/2.8 జూమ్ తెచ్చింది. బరువు రెండున్నర కిలోల పైనే. సిగ్మా 2025లో తెచ్చిన 300-600 ఎంఎం, ఎఫ్/4 అయితే దాదాపు నాలుగు కిలోలు. వెలుతురుకూ దూరానికీ రాజీ పడని లెన్సులివి. ధరలూ అలాగే ఉంటాయి.

ఎక్కువమంది వాడేది మాత్రం మధ్యతరగతి లెన్సులే. సోనీ 200-600 ఎంఎం, నికాన్ 180-600 ఎంఎం రెండూ ఎఫ్/5.6-6.3వే. రెండూ ఇంచుమించు రెండు కిలోలు. అన్ని కంపెనీల కెమెరాల వాళ్లూ ఒకప్పుడు ఎగబడి కొన్న సిగ్మా, టామ్రాన్‌ల 150-600 ఎంఎంలూ అంతే. కెనాన్ 100-500 ఎంఎం కిలోన్నరలోపే ఉంటుంది. కాకపోతే దాని చివరి అపెర్చర్ ఎఫ్/7.1. తేలికదనానికి చెల్లించే మూల్యం అది.

రెండు కిలోలంటే ఎంత అనిపిస్తుంది. చేతులు చాచి పక్షి ఎగిరేదాకా అయిదు నిమిషాలు పట్టుకుని చూడండి, తెలుస్తుంది! అందుకే చాలామంది ఒంటికాలి స్టాండు... మోనోపాడ్ వాడతారు. కారులోంచి తీసేవాళ్లు గుడ్డసంచిలో బియ్యమో గింజలో నింపి కిటికీ మీద పెట్టి దానిపై లెన్సు ఆనిస్తారు. పైసా ఖర్చు లేని స్టాండు అది. పైగా కారులోంచి దిగని మనిషిని చూసి పక్షులు అంతగా బెదరవు.

ఎక్కడికి... ఏది?

కాబట్టి లెన్సు గురించి అడిగేముందు, వెళ్లేదెక్కడికో తేల్చుకోవాలి.

గుంటూరు దగ్గర ఉప్పలపాడులో ఊరి చెరువులోనే పెయింటెడ్ స్టార్క్‌లూ గూడబాతులూ గూళ్లు కడతాయి. పెద్ద పక్షులు, తక్కువ దూరం. ఇక్కడ 70-200 ఎఫ్/2.8 బాగానే పనిచేస్తుంది. దానికి 1.4 రెట్ల టెలీకన్వర్టర్ జోడిస్తే 280 ఎంఎం దాకా వెళ్లొచ్చు. కాకపోతే అపెర్చర్ ఎఫ్/4కు పడిపోతుంది. రెండు రెట్లదైతే 400 ఎంఎం, ఎఫ్/5.6. ఇదే లెన్సు ఇంట్లో పెళ్లికీ, స్కూల్లో పిల్లల డ్యాన్సుకీ పనికొస్తుంది. పక్షులు ఏడాదికి రెండుసార్లు, ఫంక్షన్లు ఇరవైసార్లు అయితే ఇదే సరైన ఎంపిక.

పులికాట్, కొల్లేరు లాంటి చోట్ల నీళ్లు విశాలం, పక్షులు దూరం, వెలుతురుకు కొదవ లేదు. ఇక్కడ 2.8తో పనేముంది? 600 ఎంఎం దాకా వెళ్లే మామూలు జూమ్ ఎంతో మేలు. అయితే ఒక్కటి గుర్తుంచుకోవాలి. పొద్దెక్కాక నీటి మీద గాలి వేడెక్కి అలలు అలలుగా కదులుతుంది. అప్పుడు పది లక్షల లెన్సుతో తీసినా దూరపు పక్షి మసకగానే వస్తుంది. దానికి మందు ఒకటే... పెందలాడే లేవడం!

నల్లమల, మారేడుమిల్లి లాంటి అడవుల్లో కథ వేరు. చెట్ల నీడలో వెలుతురు తక్కువ. పిట్టలేమో చిన్నవి. ఫాస్ట్ లెన్సు విలువ నిజంగా తెలిసేది ఇక్కడే.

మారిన లెక్క

పదిహేనేళ్ల కిందట ‘2.8 లేకపోతే అడవికి వెళ్లడం దండగ’ అన్నమాటలో చాలా నిజముంది. వెలుతురు చాలనప్పుడు కెమెరాలో ఐఎస్ఓ పెంచితే ఫొటో నిండా ఇసుక చల్లినట్లు మచ్చలొచ్చేవి. ఇప్పటి సెన్సర్లు ఐఎస్ఓ 6400 దగ్గరా పనికొచ్చే ఫొటో ఇస్తున్నాయి. మిగిలిన మచ్చల్ని సాఫ్ట్‌వేర్ చాలావరకు తుడిచేస్తోంది. ఆకుల మధ్య పక్షి కన్ను ఎక్కడుందో కెమెరాయే వెతికి ఫోకస్ చేస్తోంది. దాంతో ఎఫ్/6.3 లెన్సులతోనూ ఒకప్పుడు సాధ్యం కాని ఫొటోలు వస్తున్నాయి. పాత కెమెరా, ఖరీదైన లెన్సు కన్నా కొత్త కెమెరా, మధ్యరకం లెన్సు మేలయ్యే సందర్భాలూ ఉన్నాయి. ఫాస్ట్ లెన్సుకు విలువ పోలేదు. అది లేకపోతే పనే జరగదన్న మాట పోయింది, అంతే.

చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ గురించీ ఓ మాట. కెనాన్ ఐఎస్ అన్నా, నికాన్ వీఆర్ అన్నా, సోనీ ఓఎస్ఎస్ అన్నా అదే. అది ఆపేది మన చేతి కదలికనే, పిట్ట కదలికను కాదు. దానికి షట్టర్ వేగమే మందు.

పిట్టకూ ఓ లెక్కుంది!

చిన్న లెన్సున్నవారు సహజంగా చేసే పని... ఇంకో రెండడుగులు ముందుకెయ్యడం. తర్వాత మరో రెండు. మనకది రెండడుగులే. గూటి మీదున్న తల్లిపక్షికి ప్రాణభయం. అది లేచిపోయిందంటే గుడ్లు ఎండకు మాడతాయి. కాకులకూ గద్దలకూ పిల్లలు దొరికిపోతాయి. ఒక్క ఫొటో కోసం ఏడాది కష్టం మట్టిపాలవుతుంది. అడవి పక్షుల గుడ్లనూ గూళ్లనూ చెదరగొట్టడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటగానే పరిగణిస్తుంది. చేతిలో ఉన్నది తుపాకీ కాదు, కెమెరాయే కదా అంటే కుదరదు.

ఆ మాటకొస్తే పొడవాటి లెన్సు అసలు ప్రయోజనం ఇదే. పక్షిని మనకు దగ్గర చేయడం ఒక్కటే కాదు, మనల్ని పక్షికి దూరంగా ఉంచడం. మెడ సాచి మనవైపే చూస్తోందంటే, మేత మానేసి బిగుసుకుపోయిందంటే దానర్థం ‘ఇక చాలు, వెనక్కెళ్లు’ అని. అక్కడ ఆగిపోవాలి. ఆ ఆగినచోటి నుంచి ఫొటో రావాలంటే ఎంత లెన్సు కావాలో, అదే మీకు కావాల్సిన లెన్సు.

కొనేముందు...

* హైదరాబాద్ లాంటి నగరాల్లో లెన్సులు రోజువారీ అద్దెకు దొరుకుతాయి. కొనాలనుకున్నది ఒకట్రెండు రోజులు తెచ్చుకుని వాడి చూడండి. భుజం ఏం చెబుతుందో వినండి.

* మీ దగ్గరున్న ఫొటోల్లో ఎక్కువ భాగం దూరం చాలక పాడయ్యాయా, వెలుతురు చాలకా అన్నది లెక్కేయండి. దూరమైతే ఎంఎం పెంచండి, వెలుతురైతే అపెర్చర్.

* జూమ్ చేసినప్పుడు ముందుకు సాగే లెన్సుల్లోకి దుమ్ము చేరే అవకాశం ఎక్కువ. తీరంలో, ఇసుకలో తిరిగేవాళ్లకు పొడవు మారని లెన్సు నయం.

* సీతాకోకచిలుకల్లాంటివీ తీయాలనుకుంటే, ఎంత దగ్గరలో ఉన్నదాన్ని ఫోకస్ చేయగలదో కనుక్కోండి. సోనీ 200-600కు ఆ దూరం 2.4 మీటర్లు, కెనాన్ 100-500కు 90 సెంటీమీటర్లు.

* సెకండ్ హ్యాండ్‌ది తీసుకుంటే టార్చిలైటు వేసి లోపల సాలెగూడు లాంటి బూజు ఉందేమో చూడండి. కోస్తా తేమకు అది తొందరగా పడుతుంది. కొన్నాక లెన్సును గాలి చొరని డబ్బాలో సిలికాజెల్ వేసి దాచండి.

అన్నిటికన్నా ముందు ఉన్న కెమెరాతోనే ఓ నెల పెరట్లో పిట్టల్ని చూడటం మంచిది. మందారం మీదకు తేనెపిట్ట ఏ వేళకొస్తుందో, తీగ మీద పాలపిట్ట ఏ వైపు తిరిగి కూర్చుంటుందో తెలిసినవాళ్లకు లెన్సు సగం పనే చేయాలి. మిగతా సగం ఓపిక చేస్తుంది.

ఆ కుటుంబం సంగతా? మళ్లీ డిసెంబరు వస్తుంది. నేలపట్టుకు గూడబాతులూ వస్తాయి. ఈసారి నాన్న అద్దె లెన్సుతో, బియ్యం సంచితో, సూర్యుడికన్నా ముందే అక్కడుంటే చాలు. కూతురు లెక్కపెట్టుకోవడానికి చుక్కలు కాదు... రెక్కలే కనిపిస్తాయి!