బురదయొద్ద నిలిచి చదువవలసిన పాఠము

ప్రకృతిశాస్త్రమును నాలుగు గోడల నడుమ, నల్లబల్లపై గీసిన బొమ్మలతో నేర్పుట మనకు ఎంతగా అలవాటైపోయినదనగా, తల్లివేరు లక్షణములను, పీచువేరు లక్షణములను గుక్క తిప్పుకొనక అప్పగింపగల బాలుడు, పెరటిలోని తోటకూర మొక్కను పెరికి దాని వేరు ఏ తెగకు చెందునో చెప్పుమన్నచో తెల్లబోవును. తప్పు బాలునిది కాదు. ఆ మొక్కను పెరికి అతని చేతికిచ్చినవారు లేరు. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరవ తరగతికిని ఎనిమిదవ తరగతికిని నడుమ పది దినములపాటు పుస్తకముల సంచి లేని చదువుండవలెనని సూచించినది. స్థానికులైన పనివారలయొద్ద పనులు నేర్చుటకు ఉద్దేశింపబడిన ఆ దినములలో ఒక్కటియైనను ఆరుబయట జీవశాస్త్ర పరిశీలనకు వినియోగించినచో, అంతకంటె సద్వినియోగము మరియొకటి ఉండదని నా నమ్మకము.

అట్టి పరిశీలనకు తెలుగుదేశమున కోరంగిని మించిన తావు అరుదు. కాకినాడకు దక్షిణముగా, గౌతమీ గోదావరి సముద్రమును చేరుచోట, ఉప్పునీరును మంచినీరును కలగలిసిన పాయల వెంట వ్యాపించిన ఆ మడ అడవి 1978లో అభయారణ్యముగ ప్రకటింపబడినది; దాని వైశాల్యము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. చెట్ల నడుమ చెక్కవంతెన ఉన్నది గనుక చిన్నపిల్లలు సైతము బురదలో దిగకయే బురదను చూడవచ్చును.

పాఠము మొదలు కావలసినది చెట్టుతో గాదు, నీటితో. ఆ తీరమున దినమునకు రెండుమారులు పోటు, రెండుమారులు ఆటు; ఒకదానికిని మరియొకదానికిని నడుమ ఇంచుమించు ఆరు గంటలు. మరునాటి పోటు నేటి వేళకంటె సుమారు 50 నిమిషములు ఆలస్యముగ వచ్చును. వెదురుగడపై జానెడేసి దూరమున రంగు గీతలు గీచి, పాయ ఒడ్డున పాతి, పావుగంటకొకమారు నీటిమట్టమును వ్రాసికొనుమని చెప్పినచో, మధ్యాహ్నమగుసరికి పిల్లల చేతిలో తాము స్వయముగ గీసిన రేఖాపటమొకటి ఉండును. పంచాంగము చూడకయే అమావాస్యకును పూర్ణిమకును పోటు పెద్దదనియు, అష్టమినాడు నీరు మందముగ కదలుననియు చెప్పగల జాలరులు అచ్చటనే ఉందురు. అమావాస్యా పూర్ణిమలయందు సూర్యచంద్రుల ఆకర్షణలు ఒకే రేఖపై కూడుటయు, అష్టమినాడు అవి ఒండొంటికి అడ్డముగ నుండుటయు ఇందుకు కారణమని ఉపాధ్యాయుడు వివరించునపుడు, అంతకుముందే జాలరినోట ఆ సంగతి విన్న బాలునికి భౌతికశాస్త్రము పరాయిగ తోపదు.

నీరు తీసిన వెనుక బురద బయటపడును. మురిగిన గ్రుడ్డు వాసన కొట్టును. పిల్లలు ముక్కు మూసికొందురు. మూసికొననిండు, పిమ్మట ఆ వాసన ఎక్కడిదో అడుగుడు. బురద లోపల ప్రాణవాయువు లేదు. ప్రాణవాయువు లేకయే, సముద్రజలమునందలి గంధక లవణములను వాడుకొని బ్రదుకు సూక్ష్మజీవులు విడుచు వాయువే ఆ వాసనకు మూలము. ఊపిరాడని అట్టి నేలలో వేరేమి చేయవలెను? నల్లమడ, తెల్లమడ చెట్ల వేళ్లు ఆకాశమునకు ఎదురు పెరిగి, బురదపై జానెడెత్తున మేకులవలె నిలిచి, తమ ఒంటిమీది సన్నని రంధ్రములగుండ గాలి పీల్చి క్రిందికి పంపుచున్నవి. వీనినే శ్వాసవేళ్లందురు.

ఈ శ్వాసవేళ్లను లెక్కింపవలెను. మీటరు పొడవుగల నాలుగు కర్రలను చతురస్రముగ కట్టి, వంతెనపైనుండి త్రాళ్లతో దించి, లోపల ఎన్ని వేళ్లున్నవో రెండు జట్లు వేర్వేరుగ లెక్కించినచో, రెండు జట్లకును లెక్క కుదరదు. కర్రక్రింద పడిన వేరు లోపలిదా, వెలుపలిదా? వ్రేలెడైన లేని మొలకను లెక్కలో చేర్పవలెనా? వివాదము చెలరేగును. ఉపాధ్యాయుడు తీర్పు చెప్పక, నియమమేదో మీరే ఏర్పరచుకొనుడని ఊరకుండుటయందే ఆనాటి ప్రయాణపు ఫలమంతయు ఇమిడియున్నదని నా అభిప్రాయము. కొలత యనునది ప్రకృతిలో సిద్ధముగ దొరకు వస్తువు కాదనియు, నలుగురు కూడి ఒప్పుకొన్న నియమముపై నిలుచుననియు ఆ పిల్లలు గ్రహింతురు; పాఠ్యపుస్తకము ఎన్ని పుటలలో చెప్పినను ఇది ఇట్లు మనసున నాటుకొనదు. పాయ అంచున ఒకమారు, లోపలి మిట్టపై ఒకమారు చట్రమును దించి, సంఖ్య ఏల మారినదని అడిగినచో, ఆ ప్రశ్నకు వారు చెప్పు సమాధానములు వినదగియుండును.

తెల్లమడ ఆకును ఎండవేళ నాలుకకు తాకించి చూచిన ఉప్పగా నుండును. పీల్చిన ఉప్పును ఆ చెట్టు ఆకులమీదుగ చెమర్చి వెడలగొట్టుచున్నది. ప్రక్కనే ఉన్న ఉప్పుపొన్న చాలవరకు ఉప్పును వేళ్లయొద్దనే అడ్డగించును. ఒకే నీటిలో నిలిచి రెండు చెట్లు రెండు ఉపాయములు పన్నినవన్నమాట. ఉప్పుపొన్న గింజ చెట్టుననే మొలకెత్తి, మునగకాయవలె వ్రేలాడి, పిమ్మట రాలును. రాలినవానిని కొన్నిటిని ఏరి బాల్చీనీట వేసినచో, కొన్ని అడ్డముగను కొన్ని నిలువుగను తేలుట కనబడును. నాళ్లు గడచినకొలది అడ్డము నిలువగుననియు, నిలువుగ తేలునది లోతు తక్కువైనచోట బురదను తాకి వేళ్లూనుననియు చెప్పుటకు అదియే తగిన సమయము.

ఇక పీతలు. మనుష్యుల అడుగుల సవ్వడికి బొరియలలో దూరిన అవి, పదిమంది పిల్లలు పది నిమిషములు కదలక మెదలక కూర్చున్న, ఒక్కొక్కటిగ వెలికివచ్చును. మగపీతకు ఒక డెక్క తన దేహమంత పెద్దది. దానిని పైకెత్తి ఊపుచు ఆడుపీతను పిలుచును, తోడి మగవానిని బెదరించును. పెద్దడెక్క కొన్నిటికి కుడివైపున, కొన్నిటికి ఎడమవైపున నుండును. వానిని లెక్కించు పని అప్పగించినచో, అల్లరికి పేరుపడ్డ పిల్లవాడే అందరికంటె నిశ్శబ్దముగ కూర్చుండుట నేను చూచితిని. ఆ ప్రక్కనే రొమ్మురెక్కలపై ప్రాకుచు గెంతు బురదచేప, చర్మము తడిగా నున్నంతసేపు గాలిలోనే శ్వాసించును. చేపయనగా నీటనే బ్రదుకునని వ్రాసికొన్న నిర్వచనమును పిల్లలు అచ్చటనే దిద్దుకొందురు.

ఇదంతయు జరుగవలెనన్న ఉపాధ్యాయుడు ముందుగ ఒకమారు ఒంటరిగ పోయి రావలెను. ఆటు ఏ వేళకో తెలిసికొని, అటవీశాఖవారి అనుమతి పొంది, ఏ చెట్టు ఏదో స్థానికుల నడిగి గుర్తుపట్టవలెను. తిల్లచెట్టు పాలు కంటబడిన ప్రమాదము. కావున పెద్దలు చూపనిదే ఏ ఆకును త్రుంపరాదు. జీవులను సీసాలలో బంధించి తెచ్చుట తగదు. అన్నియు తెలియవలెనన్న నియమము మాత్రము లేదు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయమున బోధించిన అన్నా కామ్‌స్టాక్, 1911లో ఉపాధ్యాయులకై వెలువరించిన ప్రకృతి పరిశీలన గ్రంథమున, తెలియనిదానిని తెలియదని పిల్లలతో ఒప్పుకొనుటకు జంకవలదని బోధించినది. ఆ మాట మన బడులకు మరింత అవసరము.

కోరంగి అందరికి దగ్గర కాదు. వరంగల్లు ప్రాంతపు పిల్లలకు కాకతీయులనాటి పాఖాల చెరువున్నది; అదియు దూరమైనవారికి తమ ఊరి చెరువే చాలును. గట్టున మొలచిన తుంగకాడలను పరికించినచో, నడుమ వీపుపై చీలిన గోధుమరంగు పొట్టు ఒకటి అంటుకొని కనబడును. అది తూనీగ విడిచిన బాల్యపు తొడుగు. నీటిలో పురుగులను వేటాడుచు పెరిగిన పిల్లజీవి, ఒక రాత్రి కాడవెంట పైకి ప్రాకి, వీపు చీల్చుకొని రెక్కలతో వెడలినదని దాని అర్థము. భూతద్దముతో చూచిన, కాళ్ల కొనలయందలి కొక్కెములు సైతము చెదరక నిలిచియుండును. అట్టి తొడుగులను ప్రతి మాసము ఒకే గట్టుపై లెక్కించి, తేదీతోను నీటిమట్టముతోను వ్రాసిపెట్టిన పుస్తకమును, తరగతి మారినపుడు క్రింది తరగతివారికి అప్పగింపవచ్చును. బస్సు అక్కరలేదు, రుసుము అక్కరలేదు, గళ్ల కాగితము, భూతద్దము, రెండు గంటల వ్యవధి ఉన్న చాలును.